మా పెద్దవాడు, మేం వేసిన ఓట్లు

2023 జూన్‌లో టెక్సస్ గవర్నర్ గ్రెగ్ ఎబట్ ఎస్‌బీ 14 అనే బిల్లు మీద సంతకం పెట్టేనాటికి మా పెద్దవాడికి పదిహేనేళ్ళు. పద్దెనిమిది నిండని ట్రాన్స్ పిల్లలకు, అంటే పుట్టినప్పుడు రాసిన ఆడ, మగ తాము కాదని చెప్పే పిల్లలకు, ఈడు మార్పుల్ని ఆపే మందులు గానీ, హార్మోన్లు గానీ డాక్టర్లు ఇవ్వకూడదన్నది ఆ చట్టం. సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానికి ముందటేడు, 2022 ఫిబ్రవరిలో, అలాంటి వైద్యం చేయించే తల్లిదండ్రులు పిల్లల్ని హింసిస్తున్నట్టుగా భావించి విచారణ జరపమని అదే గవర్నర్ శిశు సంరక్షణ శాఖకు ఉత్తరం రాశాడు. మంచి స్కూళ్ళున్నాయని డాలస్ శివార్లలో ఇల్లు కొనుక్కుని, శని ఆదివారాలు పిల్లల్ని క్లాసులకు తిప్పుకునే మామూలు తెలుగు కుటుంబం మాది. ఎవరైనా కాలింగ్ బెల్ కొడితే గుండెలు దడదడలాడే రోజులు మాకూ వస్తాయని ఎన్నడూ అనుకోలేదు.

పెద్దవాడు అంటున్నాను. పుట్టినప్పుడు హాస్పిటల్ కాగితాల్లో అమ్మాయి అని రాశారు. ఇదంతా రాయడానికి వాడు ఒప్పుకున్నాడు, ఏం రాయొచ్చో ఏం రాయకూడదో కూడా చెప్పాడు. వైద్యం సంగతులు వాడి సొంతం. అవి రాయను.

మొదటిసారి మాకు గట్టిగా చెప్పింది హాఫ్ శారీ ఫంక్షన్ దగ్గర. 2021లో, కోవిడ్ కాస్త తగ్గి హాళ్ళు మళ్ళీ తెరిచారు. ఇక్కడ ఓణీల ఫంక్షన్ అంటే ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పెళ్ళికి తగ్గని హడావుడి, స్టేజ్ డెకరేషన్, ఎంట్రీ డాన్స్, ఇండియా నుంచి నగలు. హైదరాబాద్‌లో మా చెల్లెలు చీరల షాపులో కూర్చుని వీడియో కాల్‌లో పట్టు పరికిణీలు ఒక్కొక్కటే పరిచి చూపిస్తోంది. వాడు నా పక్కనే ఉన్నాడు. కాల్ అయ్యేదాకా ఏమీ అనలేదు. ఆ తర్వాత, వాడికి వచ్చిన తెలుగులో, "అమ్మా, అది నేను కాదు. అంతమంది ముందు అది నేనే అని చెప్పొద్దు" అన్నాడు. ఏడవలేదు, అరవలేదు. ఎన్నాళ్ళుగానో మనసులో సర్దిపెట్టుకున్న మాట బయటపెట్టినట్టు ఉంది. ఫంక్షన్ మానేశాం. ఎందుకు మానేశారని అడిగినవాళ్ళకి పిల్లకి ఇష్టం లేదనే చెప్పాం. అది నిజం కూడా.

అంత చిన్న వయసులో వాడికేం తెలుసు అని అందరూ అడిగారు. నేనూ అడిగాను, కౌన్సెలర్‌నీ, డాక్టర్నీ, వాణ్ణీ. నెలల తరబడి మాట్లాడారు. తొందరపెట్టినవాళ్ళు ఎవరూ లేరు. నాకు నమ్మకం కుదిరింది మాత్రం వాళ్ళ మాటల వల్ల కాదు. ఫోటో అంటే చాలు బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకునే పిల్ల, జుట్టు కత్తిరించుకుని వాళ్ళ నాన్న చొక్కా వేసుకున్నాక అద్దం ముందు నుంచి కదలడం మానేశాడు. దువ్వుకోవడం, చెరిపేసి మళ్ళీ దువ్వుకోవడం. స్కూల్‌కి లేటవుతోందని తమ్ముడు తలుపు బాదేవాడు. ఆ తలుపు చప్పుడు విని వంటింట్లో నేను పడ్డ సంతోషం ఎవరికీ వివరించలేను. రేపు వాడు ఇంకోలా చెప్తే రేపూ వింటాం. వినడానికి చట్టం అనుమతి ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మనవాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన మాటల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఒక పెద్దావిడ మాట. పిల్లలకు ఆదివారాలు గీత చెప్తారు, నాకు ఆవిడంటే గౌరవం. "ఆత్మకి ఆడా మగా లేదు కదమ్మా, శరీరం గురించి వీడికెందుకింత పట్టుదల?" అన్నారు. "వాసాంసి జీర్ణాని" శ్లోకం మా వాడు ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు. నేను చాలా రోజులు ఆ ప్రశ్న పట్టుకుని తిరిగాను. నాకు తట్టిన జవాబు ఇదీ. ఆత్మకి ఆడా మగా లేకపోతే, వాణ్ణి అబ్బాయి అని పిలిస్తే పోయేదేముంది? ఆ సూత్రం వాడికొక్కడికే ఎందుకు? వాడి తమ్ముడితో ఎవరూ నువ్వు మగపిల్లాడినన్న పట్టుదల వదులుకో అనరు. నిన్ను నువ్వు తెలుసుకో అని అయిదేళ్ళప్పటి నుంచి పిల్లలకు నేర్పిస్తాం. ఒక పిల్లాడు తెలుసుకుని వచ్చి చెప్తే, అది తప్ప ఇంకేదైనా తెలుసుకో అంటాం. ఆవిడతో ఇదంతా అన్నాను. ఒప్పుకోలేదు. కానీ అప్పట్నుంచి వాణ్ణి వాడి కొత్త పేరుతోనే పిలుస్తున్నారు. నాకు అదే చాలా ఎక్కువ.

ఆ పేరు మా నాన్నది. వాడి స్నేహితుల్లో కొందరు ఏదో ఒక ఇంగ్లిష్ పేరు ఎంచుకున్నారు. వాడు తాతయ్య పేరు కావాలన్నాడు. తెనాలిలో ఉన్న మా అమ్మకి ఫోన్ చేసి తనే అడిగాడు. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆయన పేరు పెట్టుకుంటే ఆయనలాగా నాలుగింటికే లేవాలి నాన్నా" అంది. వాడు లేవడు. పేరు మాత్రం వాడిదైపోయింది.

ఇక రాజకీయాలు. గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసి, పౌరసత్వం వచ్చాక మావారు రిపబ్లికన్లకీ నేను డెమోక్రాట్లకీ ఓటేసేవాళ్ళం. ఇంట్లో దాని మీద గొడవలేమీ లేవు. పన్నులు తక్కువ, ప్రభుత్వం మన ఇంటి విషయాల్లో తల దూర్చదు అనేది ఆయన లెక్క. అలా అన్న పార్టీయే మా పిల్లాడికి ఏ డాక్టర్ ఏ మందు రాయాలో శాసనసభలో ఓటింగ్ పెట్టింది. 2023 మార్చిలో ఈ నిషేధం మీద టెక్సస్ దిగువసభ కమిటీ జనం అభిప్రాయాలు వినే విచారణకి ఆయన సెలవు పెట్టి రాజధాని ఆస్టిన్ వెళ్ళారు. మాట్లాడటానికి మనిషికి రెండు నిమిషాలు. ఆఫీసు మీటింగుల్లో తప్ప మైకు పట్టుకోని మనిషి, కాగితం మీద రాసుకుని, స్టాప్‌వాచ్ పెట్టుకుని ఇంట్లో ప్రాక్టీస్ చేశారు. పేరు నమోదు చేసుకున్నవాళ్ళు వేలల్లో ఉన్నారు. అర్ధరాత్రి అయ్యేసరికి ఆపేశారు, ఈయన పేరు పిలవనేలేదు. తెల్లారేసరికి ఇల్లు చేరి, స్నానం చేసి ఆఫీసుకి లాగిన్ అయ్యారు. ఆ పార్టీ గురించి ఆ తర్వాత ఆయన నోట ఒక్క మంచి మాట వినలేదు.

2024 జూన్‌లో టెక్సస్ సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. 2025 జూన్ 18న స్క్రమెట్టి కేసులో అమెరికా సుప్రీంకోర్టు టెనెసీ రాష్ట్రపు అలాంటి చట్టాన్నే 6-3తో సమర్థించింది. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తేల్చుకోవాల్సిన విషయం అన్నట్టుగా. అంతకు ముందే మేం తేల్చుకున్నాం, డాక్టర్ కోసం న్యూ మెక్సికోకి కారేసుకుని వెళ్తున్నాం. అమరిల్లో దాటాక దారంతా బయలు, గాలిమరలు. వెనక సీట్లో పులిహోర డబ్బా, హోంవర్కు. వెళ్ళగలిగే స్తోమత మాకుంది. గంటల లెక్కన కూలికి పోయే అమ్మలకి, వీసా మీద ఉండి మాట పైకి రాకుండా భయపడే వాళ్ళకి లేదు. వాళ్ళ పిల్లలు ఏం చేస్తున్నారో అనుకుంటే నిద్ర పట్టదు.

నా పార్టీ సంగతీ చెప్పాలి. 2024 ఎన్నికల్లో ట్రంప్ పక్షం ట్రాన్స్ మనుషుల మీద ప్రకటనలు కుమ్మరించింది. క్రికెట్ చూస్తుంటే అవే, ఫుట్‌బాల్ చూస్తుంటే అవే. మా వాడు రిమోట్ తీసుకుని సౌండ్ తగ్గించేవాడు. డెమోక్రాట్ల నుంచి గట్టి జవాబు రాలేదు. ఓడిపోయాక, డిసెంబర్‌లో, సైనిక కుటుంబాల పిల్లలకు ఈ వైద్యం ఖర్చు ఇవ్వకూడదన్న నిబంధన ఉన్న రక్షణ బిల్లు మీద బైడెన్ సంతకం పెట్టాడు. మిగతా బిల్లు ముఖ్యం అన్నారు. 2025 మార్చిలో కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్, ట్రాన్స్ అమ్మాయిలు ఆడపిల్లల ఆటల్లో ఆడటం అన్యాయమని తన పాడ్‌కాస్ట్‌లో ఒప్పుకున్నాడు. ఆటల మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకి ఉండొచ్చు, చర్చించొచ్చు. నన్ను బాధపెట్టింది వేళ చూసుకుని మాట్లాడటం. గెలుస్తామనుకున్నప్పుడు మా పిల్లలు పోస్టర్ మీద ఉంటారు, ఓడిపోగానే బరువవుతారు. మావారి నిరాశకి నా నిరాశకి తేడా లేకుండా పోయింది.

మన తెలుగువాళ్ళతో ఒక మాట చెప్పుకోవాలి. 2025 జనవరి 20న, ఒకే రోజు, ట్రంప్ పెన్నుతో రెండు ఉత్తర్వులు వచ్చాయి. ఒకటి, పుట్టుకతో రాసిన ఆడ, మగ తప్ప ప్రభుత్వం ఇంకేదీ గుర్తించదని. రెండోది, హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళకి ఇక్కడ పుట్టే పిల్లలు పుట్టుకతో పౌరులు కారని. రెండోదాని గురించి మా వాట్సాప్ గ్రూపుల్లో రాత్రంతా టెన్షనే టెన్షన్, లాయర్ల నంబర్లు, గర్భిణుల గురించి ఆరాలు. ఆ ఆందోళన నాదీ, నేనూ ఆ వీసా మీద బతికినదాన్నే. మొదటిదాని గురించి మాత్రం బొమ్మలు, జోకులు. సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు అన్నప్పుడు "మనల్ని అంటారనుకోలేదు" అన్నవాళ్ళు ఉన్నారు. పుట్టిన కాగితం చూసి నువ్వు ఇది, నువ్వు ఇది కాదు అని తేల్చే అధికారం ఒకరి మీద చెల్లుతుందని ఒప్పుకుంటే అది అక్కడే ఆగదు. ఆ గ్రూపులో ఇదే రాశాను. కొందరు విడిగా మెసేజ్ పెట్టారు, ఒక్కరు కూడా గ్రూపులో మాట్లాడలేదు.

ఆ మొదటి ఉత్తర్వు తర్వాత వచ్చిన వాడి కొత్త పాస్‌పోర్టులో "ఎఫ్", అంటే ఫిమేల్, అని ఉంది, ఫోటోలో నూనూగు మీసాలు. దానితోనే శంషాబాద్‌లో దిగాం. కౌంటర్లో ఆఫీసరు పుస్తకం చూశాడు, వీణ్ణి చూశాడు, నన్ను చూశాడు. నేను నోరు తెరిచేలోపే మా వాడు "నేనేనండీ" అన్నాడు. ఆయన ముద్ర వేసి ఇచ్చాడు. ప్రతిచోటా అలా జరుగుతుందని గ్యారంటీ లేదు.

ఇండియాలో అయితే మన సంస్కృతిలోనే ఉంది కదా, శిఖండి లేడా, బృహన్నల లేదా, అర్ధనారీశ్వరుడు లేడా అని ఇక్కడ సభల్లో చెప్తుంటారు. తెనాలిలో అయితే ఆడవేషాలకు పేరుపడ్డ నాటక నటుడు స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి చెప్తారు. ఆ కళ ముందు నేనూ తలవంచుతాను. అయితే వేషం తీసి పంచె కట్టుకుని ఇంటికెళ్ళిన నటుడికి పద్మశ్రీ ఇచ్చాం. తీయడానికి వేషం కానివాళ్ళని ఇంట్లోంచి గెంటేశాం. విజయవాడ రైళ్ళలో చప్పట్లు కొడుతూ వచ్చేవాళ్ళలో ఎవరి ఇంటి పెద్దపిల్లలున్నారో ఎవరమూ అడగం. పురాణం చూపించి పిల్లల్ని కాపాడలేం.

చట్టాల సంగతి అక్కడా అంతే, ఒక అడుగు ముందుకీ ఒకటి వెనక్కీ. ఎవరి జెండర్ వాళ్ళే చెప్పుకునే హక్కు ఉందని 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) కేసులో అక్కడి సుప్రీంకోర్టు అంది. 2019లో చట్టం చేసేసరికి గుర్తింపు కార్డుకి జిల్లా మేజిస్ట్రేట్ సర్టిఫికెట్ పెట్టారు. ట్రాన్స్ వ్యక్తి మీద లైంగిక దాడి చేస్తే గరిష్ఠ శిక్ష రెండేళ్ళే అని రాశారు. తెలంగాణ హైకోర్టు మాత్రం, ఆడబట్టలు కట్టుకుని వీధిలో కనిపించిన హిజ్రాలని వారంట్ లేకుండా అరెస్ట్ చేయొచ్చన్న 1919 నాటి నిజాం కాలపు చట్టాన్ని 2023 జులైలో కొట్టేసింది. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి లాంటివాళ్ళు కోర్టుకెక్కి పోట్లాడితే వచ్చిన తీర్పు అది. ఎస్‌బీ 14 సంతకమైన కొద్ది వారాలకే వచ్చింది. ఆ వార్త మా వాడే నాకు చూపించాడు. ఉస్మానియా ఆస్పత్రిలో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అనే ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు పనిచేస్తున్నారని కూడా వాడే వెతికి చదివాడు. పార్టీల మీద నమ్మకం పోయిన ఇంట్లో ఈ పేర్లు పనికొచ్చాయి.

చిన్నవాడి పంచెల ఫంక్షన్ పెట్టుకున్నప్పుడు పురోహితుడు గారు పెద్దవాణ్ణి చూసి "అన్నగారికి కూడా అయిపోయిందా?" అని అడిగారు. లేదన్నాం. "అయితే ఇద్దరికీ కట్టండి, ఒక ఖర్చు" అన్నారు. మావారు గదిలోకి తీసుకెళ్ళి కుచ్చిళ్ళు పెట్టడం నేర్పించారు. రెండుసార్లు జారిపోయింది. నడుముకి బెల్టు బిగించి, సేఫ్టీ పిన్నులు పెట్టి, అంచు పైకి లాగి చెక్కారు. నాయనమ్మ అమెరికా వచ్చి ఉంది, అక్షింతలు ఇద్దరి మీదా సమానంగా వేసింది. వచ్చినవాళ్ళలో కొందరు ఫోటోలకి పక్కకి తప్పుకున్నారు. ఎక్కువమంది తప్పుకోలేదు.

వాడికి ఈ ఏడాది ఓటు హక్కు వచ్చింది. టెక్సస్‌లో ఆన్‌లైన్ నమోదు లేదు, కాగితం నింపి పోస్ట్ చేయాలి, లేదా వెళ్ళి ఇవ్వాలి. ఎవరికి వేయను అని మా ఇద్దర్నీ అడిగాడు. మావారు స్కూల్ బోర్డు నుంచి మొదలుపెట్టమన్నారు. అక్కడ కొన్ని వందల ఓట్లతో మనిషి మారతాడు, వెళ్ళి ముఖం మీద అడగొచ్చు. ప్రెసిడెంటు దగ్గర మొదలుపెట్టి ఇరవయ్యేళ్ళు ఓటేసినా మన ఫోన్ ఎత్తేవాడు ఉండడు. శాసనసభ మళ్ళీ 2027 జనవరిలో కూర్చుంటుంది. ఈసారి ఆస్టిన్‌కి వాడే పేరు ఇస్తానంటున్నాడు.

నాకు ఫోన్లు వస్తుంటాయి. ఎక్కువగా పిల్లలు పడుకున్నాక, కార్లో కూర్చుని మాట్లాడే అమ్మలు, ఈ మధ్య ఒకరిద్దరు నాన్నలు. డాక్టర్లు, చట్టాలు తర్వాత చెప్తాను. ముందు మూడు చెప్తాను. పిల్లని సరిచేయడానికని ఇండియా పంపొద్దు. వాళ్ళు చెప్పింది వాళ్ళ అనుమతి లేకుండా అత్తగారికి కూడా చెప్పొద్దు. రాత్రి వాళ్ళ గది తలుపు వేసి ఉన్నా, అన్నం తిన్నావా అని అడగడం మానొద్దు.