పావుగంటలు కొట్టే చైనా వాచీ: గాంగ్ మళ్ళీ మోగింది

చైనా మార్కెట్ కోసం స్విట్జర్లాండ్‌లో చేసిన నా క్వార్టర్ రిపీటర్ (నొక్కితే గంటలు, పావుగంటలు కొట్టి టైం చెప్పే) జేబు గడియారం పని ఒక కొలిక్కి వస్తోంది. తయారీదారు పేరు ఎక్కడా లేదు. వెనక మూత తీస్తే లోపల అద్దం, ఆ అద్దం కింద బ్రిడ్జిల (చక్రాలను పట్టి ఉంచే లోహపు పలకల) నిండా పూలతీగల చెక్కడం. 1822లో ఎడ్వర్డ్ బోవే, ఆయన అన్నదమ్ములు లండన్‌లో కంపెనీ పెట్టి, స్విట్జర్లాండ్‌లోని ఫ్లూరియేలో చేయించి చైనాలోని కాంటన్‌లో అమ్మింది ఈ తరహా వాచీలనే. అప్పట్లో జతలుగా కూడా అమ్మేవారు. విడిపోయిన జతలో ఒక్కటే అమ్మకానికి కనబడితే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక అసలు సమస్య శబ్దం. నొక్కితే ఖంగుమనాలి, నాది టక్ టక్ మనేది. గాంగులంటే మూవ్‌మెంట్ (వాచీ లోపలి యంత్రం) చుట్టూ తిరిగే ఉక్కు తీగలు, ఒక్క చివరే స్క్రూతో బిగించి ఉంటుంది, మిగతా పొడవంతా దేనికీ తగలకూడదు. సన్నటి కాగితం ముక్క తీగ కింద దూర్చి మెల్లగా జరుపుకుంటూ వస్తే ఒకచోట పట్టేసింది, అంటే అక్కడ ప్లేటుకు ఆనుకుంటోందన్నమాట. తీగను మాత్రం వంచొద్దు, పుటుక్కున విరుగుతుంది. స్క్రూ వదులు చేసి, కింద పేరుకున్న మురికి తుడిచి, తీగను వెంట్రుకవాసి జరిపి బిగించాను. అబ్బ, ఆ మోత! సుత్తి కూడా కొట్టీ కొట్టగానే వెనక్కి రావాలి, తీగ మీద వాలి ఉంటే మోత అక్కడే చచ్చిపోతుంది.

తర్వాత పరీక్ష. ఏ రిపీటర్‌కైనా నేను ముందు చూసేది 12:59, ఆపైన 1:01. మొదటిదానికి పన్నెండు గంటలు, పావుకొకటి చొప్పున మూడు జంట దెబ్బలు, మొత్తం 18. రెండోదానికి ఒక్కటంటే ఒక్కటే. నాది 12:59కి సరిగ్గానే కొట్టింది కానీ 1:01కి ఒక గంట కొట్టి, మూడు జంటలు కూడా కొట్టేసింది, అంటే ఒంటిగంట ముప్పావు! డయల్ తీసి చూస్తే, గంట మారగానే ముందుకు దూకి పావుగంటలను ఆపాల్సిన చిన్న రేకు, దాన్నే సర్‌ప్రైజ్ పీస్ అంటారు, ఎండిన నూనెలో అతుక్కుపోయి కదలడం లేదు. బెంజిన్‌లో (వాచీలు కడిగే పెట్రోలియం ద్రావకం, విషపు బెంజీన్ కాదు) కడిగి పుల్లతో శుభ్రం చేశాక టక్కున దూకుతోంది.

కేసు అంచున సగానికి కోసిన ముత్యాలున్నాయి కాబట్టి దాన్ని అల్ట్రాసోనిక్‌లో వేయను, మెత్తటి బ్రష్షే. దెబ్బల వేగం ఇంకా కాస్త ఎక్కువగా ఉంది, వచ్చేవారం ఆ వేగాన్ని అదుపుచేసే గవర్నర్ పని పడతాను.