బురుజు నీళ్లలో నిలబడిన చోట

స్పెయిన్‌లోని గ్రనడాలో అల్‌హంబ్రా, అంటే ఒకప్పటి సుల్తానుల కొండమీది కోట, చూసి మూడు రోజులైంది. ఇంకా కళ్లలోంచి పోవడం లేదు.

అందరూ సింహాల ప్రాంగణం గురించే చెబుతారు. నా మనసు మాత్రం దానికి ముందొచ్చే కొమారెస్ మహల్ దగ్గరే ఆగిపోయింది. ఐదో ముహమ్మద్ సుల్తాన్ 1370 ప్రాంతంలో కట్టించిన గోడ, అందులో అచ్చం ఒకేలా ఉండే రెండు తలుపులు. ఎడమ తలుపులోంచి వెళ్తే చీకటి దారి మలుపులు తిరుగుతుంది. బయటివాళ్ల చూపు లోపలికి పడకుండా ఆ ఏర్పాటు. ఈజిప్టులోని కైరో, మొరాకోలోని ఫెస్ నగరాల పాత ఇళ్లలోనూ ఇదే పద్ధతి. వీధి వైపు వట్టి గోడ, లోపల ఆకాశం.

మలుపు దాటగానే ఒక్కసారిగా వెలుతురు. సుమారు 34 మీటర్ల పొడవున్న కొలను. అందులో 45 మీటర్ల బురుజు తలకిందులుగా, గీతంత కూడా చెదరకుండా! అలలెందుకు లేవా అని కొలను చివరికెళ్లి వంగి చూశాను. నేలలో పొదిగిన గుండ్రటి పాలరాతి పళ్లెం. నీళ్లు అందులో ఉబికి, సన్నటి కాలువలో నెమ్మదించి, చప్పుడు లేకుండా కొలనులోకి జారుతున్నాయి. దార్రో నది నుంచి కొండ మీదికి కాలువలో తెచ్చిన నీళ్లవి. ఎంత ఓపికగా ఆలోచించారో ఆ పనివాళ్లు!

మా పాప నీళ్లలో చెయ్యి పెట్టబోయింది. గబుక్కున పట్టుకుని ఆపేశాను, బురుజు చెదిరిపోతుందేమోనని.