నడుము ఎత్తు నుంచి తల ఎత్తుకు: ఈ సీజన్ సర్ఫింగ్ డైరీ

మార్చి, రుషికొండ

ఈ ఏడాదికి ఒక్కటే లక్ష్యం పెట్టుకున్నాను. నడుము ఎత్తు అలలు ఇప్పుడు బాగానే అందుతున్నాయి. వర్షాకాలం ముగిసేలోపు తల ఎత్తు అలను, అదీ నురగ కాకముందే పట్టాలి. నిలబడి నేరుగా ఒడ్డుకు కాకుండా అల వెంబడి పక్కకి జారాలి.

మార్చిలో మన విశాఖ సముద్రం చాలావరకు మెత్తగానే ఉంటుంది. అందుకే ఈ నెలంతా చేతులకే పని. సర్ఫింగ్ అంటే బోర్డు మీద నిలబడటం అనుకుంటారు గానీ, నీళ్లలో ఉన్నంతసేపూ ఎక్కువగా చేసేది బోర్లా పడుకుని చేతులతో తెడ్డు వేయడమే. భుజాలు అలిసిపోయాక ఎంత మంచి అల వచ్చినా చూస్తూ కూర్చోవడం తప్ప ఏమీ చేయలేం. వారం మధ్యలో ఈత కొలనుకి వెళ్తున్నాను. 25 మీటర్లు శక్తి కొద్దీ వేగంగా ఈది, ఊపిరి కుదుటపడ్డాక మళ్లీ అంతే. నిదానంగా గంటసేపు ఈదడం కంటే ఇదే పనికొస్తుంది. అలను అందుకోవడానికి కావలసింది పది పదిహేను సెకన్ల గట్టి ఊపు కదా. ఊపిరి బిగబట్టే సాధన చేసేవాళ్లు పక్కన మనిషి లేకుండా నీళ్లలో చేయకండి. కొలనులో స్పృహ తప్పితే పైకి తెలియదు.

ఈ నెల నేర్చుకున్న ముఖ్యమైన సంగతి మాత్రం బోర్డు మీద కాదు, ఒడ్డున. పొద్దున్నే పడవ నీళ్లలోకి తోసే మత్స్యకారులను కాసేపు గమనించాను. పడవ ముక్కు సముద్రానికి ఎదురుగా పెట్టి, నలుగురూ చెరో అంచు పట్టుకుని, కదలకుండా నిలబడతారు. నాకు అన్ని అలలూ ఒకేలా కనిపిస్తున్నాయి. వాళ్లలో పెద్దాయన నన్ను చూసి, "ఇప్పుడు దిగకు బాబూ, పెద్దవి వస్తన్నాయి. అయ్యెల్లిపోనీ" అన్నాడు. నిజంగానే వరసగా నాలుగైదు పెద్ద అలలు వచ్చి విరిగాయి. ఆ తర్వాత నీళ్లు ఒక్కసారిగా నెమ్మదించినట్టు అయ్యాయి. వాళ్లు ఆ సందులోనే పడవ తోసుకుని అవతలికి దాటేశారు. సర్ఫర్లు సెట్ అని చెప్పేది ఈ గుంపునే. అప్పటినుంచి దిగేముందు ఇసుకలో కూర్చుని కనీసం రెండు సెట్లు వెళ్లేదాకా చూస్తున్నాను. పెద్దవి ఎక్కడ విరుగుతున్నాయి, వాటి మధ్య ఎంత తెరిపి ఉంది, ఏ పక్క నీళ్లు విరగకుండా లోపలికి పోతున్నాయి, ఈ మూడూ ఒడ్డునుంచే తెలుస్తాయి.

ఏప్రిల్, మే

అలలు పెరిగాయి. దక్షిణం నుంచి స్వెల్, అంటే దూరాన తుపాన్లు పుట్టించిన అలలు, రావడం మొదలైంది. ఇక రోజూ రాత్రి ఇన్‌కాయిస్ వాళ్ల సూచన చూడటం అలవాటైంది. మన హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న కేంద్రమే దేశమంతటికీ సముద్రం సంగతి చెబుతుందంటే నాకు ఎప్పుడూ గొప్పగానే ఉంటుంది. అందులో అల ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు. రెండు అలల మధ్య ఎన్ని సెకన్లు అన్నది కూడా చూడాలి. మీటరు ఎత్తు, 7 సెకన్లు అంటే దగ్గర్లో వీచే గాలికి లేచిన అల. పొట్టిగా, గజిబిజిగా ఉంటుంది. అదే మీటరు, 14 సెకన్లు అంటే దూరాన దక్షిణ మహాసముద్రంలో తుపాను పుట్టించిన అల. మన దాకా రావడానికి వారం పడుతుంది. వచ్చేసరికి వరసలు విడిగా, శుభ్రంగా ఉంటాయి. ఒడ్డు దగ్గర అనుకున్నదానికంటే పెద్దగా లేస్తుంది. ఎత్తు రెట్టింపైతే అల శక్తి నాలుగింతలు అవుతుంది, వ్యవధి పెరిగినా పెరుగుతుంది. ఇంకో మాట. సూచనలో ఇచ్చే ఎత్తు, అలల్లో పెద్దవైన మూడో వంతు వాటి సగటు. అప్పుడప్పుడు దానికి దాదాపు రెట్టింపు ఉన్నది కూడా వస్తుంది. ఆ సూచన చూసి దిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. అల గుండె ఎత్తు దాటగానే చూడటానికి భయంగా ఉంటుంది. కొత్తవాళ్లం ఎవరమైనా ఇంకాస్త లోపలికి వెళ్లి కూర్చుంటాం, విరిగే చోటికి దూరంగా. అక్కడి నుంచి ఎంత గట్టిగా చేతులు వేసినా అల కిందనుంచి జారుకుని వెళ్లిపోతుంది. చేతుల్లో బలం చాలలేదనుకుంటాం. కారణం అది కాదు.

లెక్క చూడండి. అల తన ఎత్తుకు సుమారు 1.3 రెట్లు లోతున్న చోట విరుగుతుంది. 60 సెంటీమీటర్ల అల మొలలోతు నీళ్లలో, గంటకు పది కిలోమీటర్ల వేగంతో విరుగుతుంది. మీటరున్నర అల రెండు మీటర్ల లోతులో, గంటకు దాదాపు 16 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. మనం చేతులతో ఎంత కొట్టినా గంటకు ఐదారు కిలోమీటర్లు మించదు. మిగతా వేగం ఎక్కడినుంచి రావాలి? అల వాలు నుంచి. వాలు నిటారుగా ఉన్న చోట బోర్డు తనంతట తానే కిందికి జారుతుంది. అంటే పెద్ద అలకు దూరంగా కాదు, అది నిటారుగా లేచే చోటికి దగ్గరగా కూర్చోవాలి. చిన్న అలలప్పుడు పెద్ద ఫోమ్ బోర్డు ఆ తేడాను కప్పేస్తుంది, ఎక్కడినుంచి కొట్టినా అందుతుంది. పెద్దవాటి దగ్గర ఆ సాయం ఉండదు.

ఈ ఒక్క ముక్క అర్థమైన తర్వాత నా రెండు నెలల సాధనంతా చోటు వెతుక్కోవడమే. ఒడ్డున రెండు గుర్తులు పెట్టుకున్నాను. ఒక కరెంటు స్తంభం, దాని వెనక కొండ మీది ఒక భవనం. రెండూ ఒకే గీతలోకి వస్తే నేను సరైన చోట ఉన్నట్టు. ఉత్తరం వైపు లాగే నీళ్లు ప్రతి ఐదు నిమిషాలకీ అక్కడినుంచి జరిపేస్తుంటాయి. మళ్లీ చేతులు వేసి ఆ గీతలోకి రావాలి.

జూన్, కోవళం

ఇది కేరళ కోవళం కాదు, చెన్నై నుంచి మహాబలిపురం వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద వచ్చే ఊరు. నైరుతి రుతుపవనాల కాలంలో విశాఖలో గాలి తీరం వెంబడి వీస్తుంది, అల ముఖమంతా నలిగిపోతుంది. కోవళం దగ్గర మాత్రం పొద్దుటిపూట గాలి భూమి మీదనుంచి సముద్రం వైపు వీస్తుంది. ఆ గాలి అల ముఖాన్ని నిలబెట్టి, విరగడాన్ని కాస్త ఆలస్యం చేస్తుంది. తొమ్మిది, పది దాటాక సముద్రపు గాలి తిరగబడితే ఆట అయిపోయినట్టే. కాబట్టి తెల్లవారుజామున లేవాలి, వేరే దారి లేదు.

ఇంకో అనుకూలత ఏంటంటే, మన తూర్పు తీరానికి స్వెల్ దక్షిణం నుంచి వస్తుంది కాబట్టి అల ఉత్తరం వైపుగా విరుగుతూ పోతుంది. ఒడ్డుకేసి చూస్తే అది కుడిచేతి వైపు. నాలాగా ఎడమ కాలు ముందు పెట్టేవాళ్లకి అల ముఖం ఎదురుగా కనిపిస్తుంది, నేర్చుకోవడానికి తేలిక.

ఇక్కడ శిక్షణ ఇచ్చేవాళ్లలో చాలామంది మత్స్యకార కుటుంబాల నుంచి వచ్చినవాళ్లే. నాకు దొరికిన అన్న ఎక్కువ మాట్లాడడు. నా బోర్డు చూసి తొమ్మిది అడుగులది పక్కన పెట్టించి ఎనిమిది అడుగుల ఫోమ్ బోర్డు చేతికిచ్చాడు. పొడవైన బోర్డు నిటారు వాలులో ముక్కు గుచ్చుకుంటుంది. మరీ చిన్నదైతే నాలాంటివాడికి చేతులతో వేగం రాదు. లీష్, అంటే బోర్డుని కాలికి కట్టే తాడు, బోర్డు పొడవుకు తగ్గట్టు ఉండాలి, దాని మీద గాట్లు ఉంటే మార్చేయాలి. కాలు జారకుండా బోర్డు మీద రుద్దే వాక్స్ వేడి నీళ్లకు సరిపోయేదే కొనండి. చల్లటి నీళ్లకు చేసింది మన ఎండకు కరిగి కారిపోతుంది.

పెద్ద అలల్లోంచి బయటికి వెళ్లడమే సగం కష్టం. ఫోమ్ బోర్డుని అల కిందికి ముంచలేం. అందుకే తాబేలు పద్ధతి. అల రెండు మూడు గజాల దూరంలో ఉండగా బోర్డు అంచులు రెండు చేతులా పట్టుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, బోర్డుతో సహా తిరగబడాలి. మనం కింద, బోర్డు పైన. ముక్కును కొద్దిగా కిందికి లాగి పట్టాలి, లేకపోతే అల దాన్ని ఎగరేస్తుంది. గర్జన తలమీదుగా దాటగానే కాళ్లతో ఒక్క తన్ను తన్ని మళ్లీ పైకి తిరిగి, ఆగకుండా చేతులు వేయాలి. ఎంత అలిసిపోయినా బోర్డు వదిలేయకూడదు. వెనకాల ఇంకొకరు ఉంటారు, ఎనిమిది అడుగుల బోర్డు లీష్ చివర ఊగితే తల పగులుతుంది.

ఆగస్టు, మళ్లీ కోవళం

గుండె ఎత్తు అలలు ఇప్పుడు నమ్మకంగా అందుతున్నాయి. ఈసారి పనంతా ఏటవాలు టేకాఫ్ మీదే, అంటే బోర్డుని ముందే పక్కకి తిప్పి అలను అందుకుని లేవడం. నిటారు అలలో నేరుగా కిందికి దిగితే ముక్కు గుచ్చుకోవడం ఖాయం. కుడికి వెళ్లాలంటే చివరి రెండు మూడు పట్లు ఎడమ చెయ్యి బలంగా వేయాలి. బోర్డు ముక్కు తనే కుడికి తిరుగుతుంది. చూపు కూడా కుడివైపు, అల ఎటు పోతుందో అటే ఉండాలి. కిందికి చూస్తే కిందికే పోతాం.

శనివారం పొద్దున ఆరున్నరకి ఆ అల వచ్చింది. సెట్‌లో మొదటిది వదిలేశాను, రెండోది పక్కనున్న అబ్బాయి తీసుకున్నాడు. మూడోది చూడగానే అన్న "ఇది నీది" అన్నాడు. విరిగే చోటికి నేనే దగ్గర, నియమం ప్రకారం అల నాదే. బోర్డు తిప్పి చేతులు వేశాను. వెనక భాగం పైకి లేస్తున్నట్టు తెలిసింది. సాధారణంగా ఇక్కడే అందిందనుకుని లేచేస్తాం. అన్న నేర్పింది, ఆ క్షణం తర్వాత ఇంకో రెండు పట్లు. వేశాను. ఒక్కసారిగా బోర్డు కింద నీళ్ల చప్పుడు మారింది, తపతపలు పోయి సన్నటి ఈల వినిపించింది. అరచేతులు పక్కటెముకల పక్కన ఆనించి లేచాను. ఎడమ కాలు చేతుల మధ్యకి వచ్చింది. కుడివైపు అల గోడ నా భుజం కంటే ఎత్తుగా ఉంది, దాని మీద పొద్దుటి వెలుగు పడుతోంది. మోకాళ్లు వంచి దాని వెంబడే పోయాను. వెనకాల నురగ తరుముతున్న శబ్దం చాలాసేపు వినిపించింది. చివర్లో లోతు తగ్గి అల మొత్తం ఒకేసారి కూలింది. వెనక్కి, వెల్లకిలా పడ్డాను, చేతులు తల చుట్టూ పెట్టుకుని. తల ముందు పెట్టి ఎప్పుడూ దూకకూడదు, కింద ఎంత లోతుందో తెలియదు. పైకి వచ్చేటప్పుడు ఒక చెయ్యి ముందు ఎత్తి రావాలి, బోర్డు మీద పడకుండా.

తల ఎత్తు అల కింద మునిగి ఉండేది చాలావరకు పది సెకన్లలోపే. లోపల ఉన్నప్పుడు చాలా ఎక్కువ అనిపిస్తుంది. పెనుగులాడకుండా ఒళ్లు వదులుగా ఉంచితే ఊపిరి నిలుస్తుంది.

ఇదే నెల, 2025లో, మహాబలిపురంలో ఆసియా సర్ఫింగ్ చాంపియన్‌షిప్స్ జరిగాయి. అందులో మన రమేశ్ బుడిహాల్ కాంస్యం గెలిచాడు. ఆ వీడియోలు ఇప్పుడు వేరే కంటితో చూస్తున్నాను. వాళ్లు అల కోసం కొట్టే పట్లు ఎంత తక్కువో గమనించండి. ముందే ఆ చోట ఉంటారు.

రాబోయే నెలలకి

అక్టోబరు నుంచి గాలి తిరుగుతుంది, వాయుగుండాల కాలం. ఎర్ర జెండా ఉన్న రోజు, ఇన్‌కాయిస్ హెచ్చరిక ఉన్న రోజు నీళ్లలోకి దిగేది లేదు, కొలను చాలు. ఈశాన్యం నుంచి అలలు వచ్చినప్పుడు అవి దక్షిణం వైపు విరుగుతాయి, అంటే నాకు ఎడమవైపు. అలకి వీపు పెట్టి వెళ్లాలి. దానికోసం ఇంట్లో చాప మీద లేచే సాధన మొదలుపెట్టాను, గడ్డాన్ని ఎడమ భుజం మీదుగా తిప్పి చూస్తూ. రుషికొండలో మళ్లీ నడుము ఎత్తు అలలతోనే మొదలు, తొమ్మిది అడుగుల బోర్డు మీదే.