పిన్ని చెవిలో చప్పుడు

గుంటూరు వైద్య కళాశాలలో చదివి, ఇంగ్లండులో రేడియాలజిస్టుగా స్థిరపడిన నాకు, ముఖం ఎరుగని మనుషుల కపాలం అడుగుభాగాన్ని చీకటి గదిలో తెరమీద పరిశీలించడం నిత్యకృత్యం. కిందటి చలికాలంలో ఒక ఆదివారం బ్రాడీపేట నుంచి పిన్ని ఫోను చేసి, "కుడి చెవిలో గుండె కొట్టుకుంటున్నట్టుందిరా, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు" అంది. కర్ణభేరి వెనక ఎర్రగా ఏదో ఉందని, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదామని అక్కడి డాక్టరు అన్నారట. స్కాను తీయించేదాకా ఒప్పుకోవద్దని బతిమాలాను.

నాడితో కలిసి వినిపించే చప్పుడుకు భేరి వెనక ఎరుపు తోడైతే, అది గ్లోమస్ గడ్డ, అంటే పారాగాంగ్లియోమా కావచ్చు. రక్తనాళాలతో నిండిన ఆ గడ్డను కోస్తే నెత్తురు ఆపడం కష్టం. దారితప్పి మధ్యచెవిలోకి వచ్చిన కెరోటిడ్ ధమని కూడా అలాగే ఎర్రగా కనిపించవచ్చు, దానిమీద కత్తి పడితే ప్రాణానికే ముప్పు.

తమ్ముడు పంపిన సీటీలో జుగులర్ రంధ్రం, అంటే మెదడు నుంచి నెత్తురు తెచ్చే జుగులర్ సిర కపాలం అడుగున బయటికొచ్చే దారి, దాని అంచు గ్లోమస్ గడ్డ తొలిచినప్పటిలా చెదలు తిన్న దూలంలా ఉంది. నరం పొర నుంచి పుట్టే ష్వానోమా అయితే ఆ అంచును నునుపుగా వెడల్పు చేస్తుంది, మెదడు పొర నుంచి పుట్టే మెనింజియోమా అయితే పక్క ఎముక తరచుగా గట్టిపడుతుంది. జుగులర్ సిరకూ మధ్యచెవికీ నడుమ ఉండే పలుచని ఎముక గోడ కరిగిపోయింది కనుక, గడ్డ మధ్యచెవికే పరిమితమైనది కాదని తేలింది. ఎమ్మారైలో ఉప్పూ మిరియాలూ చల్లినట్టు తెల్ల చుక్కలు, నల్ల చుక్కలు. ఆ నల్లవి నెత్తురు వేగంగా పారే నాళాలు. పరాయివాళ్ల స్కానులో ఆ దృశ్యం కనిపిస్తే రోగం తెలిసిందన్న తృప్తి కలిగేది. పిన్ని పేరుతో వచ్చిన ఆ బొమ్మలను మాత్రం, ఇంకేదైనా అయి ఉండకూడదా అని, మూడుసార్లు మొదటినుంచి చూశాను. సొంతవాళ్లకు నేను రిపోర్టు రాయడం తగదు కనుక గుంటూరులోని రేడియాలజిస్టుకు ఫోను చేస్తే, నేను నోరు తెరవకముందే ఆయన అదే మాట చెప్పారు, గ్లోమస్ గడ్డ అని.

తరవాత, ఇలాంటి గడ్డలు ఒంట్లో ఇంకెక్కడైనా ఉన్నాయేమో వెతకడానికి చేసిన గాలియం 68 డోటాటేట్ పెట్ స్కాను మెడలో మరో చిన్న గడ్డను చూపింది. ఇలా ఒకటికి మించి ఉన్నప్పుడు వంశపారంపర్యమేమో విచారించాలి. తాతయ్య మెడ పక్కన ఉండిన గడ్డ నాకు అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చుని దాన్ని తడిమేవాళ్లం. ఎస్‌డీహెచ్‌డీ అనే జన్యువులో లోపం ఇలాంటి గడ్డలకు ఒక కారణం. అది తండ్రి నుంచి వస్తేనే సాధారణంగా గడ్డలుగా బయటపడుతుంది. పిన్ని పరీక్షలో ఆ లోపమే తేలింది. పిన్ని పిల్లలకూ నాకూ అది వస్తే తల్లి నుంచే రావాలి కనుక ముప్పు చాలా తక్కువే కానీ, అమ్మ కూడా తాతయ్య కూతురే. వచ్చే నెల సెలవు పెట్టి, అమ్మను పరీక్షలకు నేనే తీసుకువెళ్తున్నాను.