లోవలో ఖాళీ స్థలం

మా ఇల్లు విశాఖపట్నంలోని ఆరిలోవలో ఉంది. హనుమంతవాక కూడలి నుంచి ఆరిలోవ, ముడసర్లోవ మీదుగా అడవివరం వెళ్ళే దారిలో పేర్లను వరుసగా చదువుకుంటూ పోతే, ఈ నేల ఒకప్పుడు ఎలా ఉండేదో ఎవరినీ అడగనక్కర్లేదు. వాక అంటే ఏరు, లోవ అంటే లోయ. ఒక పక్క కంబాలకొండ, మరో పక్క సింహాచలం కొండల వరుస, వాటి నడుమ నీళ్ళు దిగి నిలిచే పల్లం. పేర్లు పెట్టినవారు కంటికి కనిపించినదాన్నే చెప్పారు.

ఒకప్పుడు విజయనగరం మహారాజుల ఆధీనంలో ఉన్న కంబాలకొండను 2002 మార్చిలో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. ఇంత పెద్ద నగరాన్ని ఆనుకొని చిరుతపులి, కణితి, చుక్కల దుప్పి, అలుగు బతికే అడవి ఉండడం అరుదైన భాగ్యమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అయితే కొండను కాపాడితే చాలు, కింది నేల మన ఇష్టం అన్న ఆలోచనతోనే నాకు పేచీ. వేసవిలో కొండ మీది గెడ్డలు, అంటే వాగులు, ఎండినప్పుడు దుప్పులు నీళ్ళ కోసం కిందికి దిగాలి. దుప్పి దిగే దారినే చిరుతా దిగుతుంది. అభయారణ్యానికీ జంతుప్రదర్శనశాలకూ నడుమ సాగే 16వ నంబరు జాతీయ రహదారి సముద్రం వైపు దారిని ఏనాడో చాలావరకు మూసేసింది కాబట్టి, లోవ వైపున్న తెరిపి నేల ఇప్పుడు మరింత విలువైనది.

ఈ నేలను మా వీధిలో అందరూ ఖాళీ జాగా అంటారు. నేనూ అలాగే అనేవాణ్ణి. చిన్నప్పుడు ఇక్కడే పశువులు కాసిన మా మేనమామ ఒకసారి ఆ మాట విని, "ఖాళీ ఏటిరా? వానొస్తే గెడ్డ ఇక్కడే కదా తొంగుంటాది!" అన్నారు. నిటారు కొండ మీద నుంచి ఉరవడిగా దిగిన నీరు ఈ గడ్డి నేల మీద పరుచుకొని, కొంత ఇంకి, మట్టిని ఇక్కడే వదిలి, మెల్లగా ముడసర్లోవ జలాశయానికి చేరుతుంది. అదే నేలను గ్రావెల్ పోసి చదును చేస్తే, ఆ నీరే బురదతో కలిసి ఒక్కసారిగా వచ్చి పడుతుంది. నగరానికి ఎంతోకాలం తాగునీరిచ్చిన జలాశయం అలా పూడిపోవడం నేను చూడలేను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ కొండలను మోడు చేసినప్పుడు మా అందరికీ మొక్కలు నాటాలన్న తొందర పట్టింది. మరుసటి తొలకరికి గెడ్డ పక్కన పొదలన్నీ నరికి, గోతులు తీసి, ఎవరో తెచ్చి ఇచ్చిన నర్సరీ మొక్కలను నాటాము. వేసవి రాకముందే వాటిలో చాలావరకు ఎండిపోయాయి. మేము చెయ్యి పెట్టని పక్క చెలకలో మాత్రం విరిగిన మొదళ్ళ నుంచి మోదుగ, రేల, నేరేడు చిగిర్చి నడుమెత్తు పెరిగాయి. మేము చెత్త అనుకొని నరికిన పొదల్లోనూ అవే పిలకలు ఉన్నాయని అప్పటికిగానీ తెలియలేదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

ఆ తరువాత పని తీరు మార్చుకున్నాము. పులికంప అని పిలిచే లాంటానాను, పిట్టలు పండ్లు తిని గింజలను చల్లకముందే, వేళ్ళతో సహా పెకలిస్తాము. నేల వదులుగా ఉండే వానల తరువాతే ఆ పని సులువు. వేసవిలో గడ్డికి నిప్పు తగలకుండా కనిపెట్టుకొని ఉంటాము. కోత పడిన చోట గెడ్డకు అడ్డంగా మోకాలెత్తు రాళ్ళు పేరుస్తాము. మొక్కలు నాటడం దాదాపు మానేశాము. జలాశయం గట్టు నుంచి కొండ మొదలు దాకా గెడ్డల ఇరుపక్కలా కట్టడాలు లేని నేలను హద్దురాళ్ళు వేసి అలాగే ఉంచాలన్నది నా కోరిక. అది లేకపోతే మేము చేసేదంతా ఒక్క పొక్లెయిన్ దెబ్బకు తుడిచిపెట్టుకుపోతుంది.

ఈసారి వానలు తెరిపి ఇవ్వగానే ఇంకో వంద గజాల మేర పులికంప తీయాలని అనుకున్నాము. మావయ్య ఇప్పుడు గునపం పట్టలేరు గానీ, పూడిపోయిన గెడ్డ పాత దారి ఎక్కడుండేదో చూపించడానికి వస్తానన్నారు.