క్లాసు టైములోనే వైఫై పోతుంటే: కారణం పట్టుకునే దాకా నా అనుభవం

నేను విజయవాడలో ఇంటి నుంచే పదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. కొంతకాలంగా క్లాసు మొదలైన కాసేపటికే ల్యాప్‌టాప్‌లో వైఫై తడబడటం మొదలైంది. సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి, కనెక్టెడ్ అనే చూపిస్తుంది, కానీ "మేడమ్, మీరు ఆగిపోయారు, ఏం వినిపించట్లేదు" అని పిల్లలు చాట్‌లో పెడుతుంటారు. త్రికోణమితి లెక్క సగంలో ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి చెప్పాలి, పరీక్షల ముందు పిల్లలకు ఆ టైము ఎంత విలువైనదో తెలుసు కాబట్టి నాకు చాలా బాధగా ఉండేది. విచిత్రం ఏంటంటే క్లాసు అయిపోయాక అదే ల్యాప్‌టాప్‌లో, అదే కుర్చీలో కూర్చుని వీడియోలు చూస్తే ఏ ఇబ్బందీ ఉండదు.

కస్టమర్ కేర్ వాళ్లు రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు, చేశాను. తర్వాత టెక్నీషియన్ వచ్చి ఫైబర్ వైరు ఊడదీసి మీటర్ పెట్టి చూశాడు. "వైరులో సిగ్నల్ మైనస్ 19 ఉంది మేడమ్, మైనస్ 27 దాకా పర్లేదు, లైన్‌లో ఏం ప్రాబ్లం లేదు" అన్నాడు. అతను చెప్పింది నిజమే. మావారేమో ల్యాప్‌టాప్ పాతబడింది, కొత్తది తీసుకో అన్నారు. తప్పు ఎక్కడుందో తేలకుండా అంత డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేదు.

అసలు ముందు తేల్చాల్సింది ఒకటే: నెట్ పోతోందా, లేక ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య వైఫై పోతోందా? ఇది తెలియకుండా ఎన్ని సెట్టింగులు మార్చినా చీకట్లో వెతికినట్టే. దీనికి పింగ్ చాలు (అవతలి పరికరానికి చిన్న సందేశం పంపి, జవాబు ఎంతసేపటికి వస్తోందో చూపించే కమాండ్). విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు రెండు తెరిచి, ఒకదాంట్లో రౌటర్ అడ్రస్‌కి (మా ఇంట్లో 192.168.1.1, మీ ఇంట్లో వేరేది ఉండొచ్చు), రెండో దాంట్లో బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి ఆగకుండా పింగ్ పెట్టి క్లాసు చెప్పాను. రౌటర్ పింగ్ బాగుండి బయటిది మాత్రమే ఆగితే నెట్ కంపెనీ వైపు లోపం అనుకోవచ్చు. నాకు రౌటర్ పింగే 3 మిల్లీసెకన్ల నుంచి వందల్లోకి ఎగబాకింది, మధ్యమధ్యలో రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్, అంటే జవాబే రాలేదు. అదే గదిలో ఫోన్‌లో మాత్రం నెట్ హాయిగా నడుస్తోంది. అంటే లోపం ఇంట్లోనే, అదీ ల్యాప్‌టాప్ దగ్గరే.

వైఫై డ్రైవర్‌ని (వైఫై భాగాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచే దించుకుని అప్‌డేట్ చేశాను. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్‌కి పవర్ ఆదా కోసం ఆఫ్ అయ్యే టిక్కు తీసేశాను (చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబే కనిపించదు). తేడా రాలేదు.

తర్వాత వైఫై ఏ బ్యాండ్ (రేడియో తరంగాల శ్రేణి) మీద నడుస్తోందో చూశాను. మా రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ రెండింటికీ ఒకే పేరు ఉంది. రౌటర్ హాల్లో టీవీ పక్కన, నేను లోపలి గదిలో. మధ్యలో గోడ, ఆ గోడకి ఆనించి ఇనుప బీరువా. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటేసరికి నీరసపడుతుంది, ఇనుము అడ్డం ఉంటే ఇంకా కష్టం. అందుకే ల్యాప్‌టాప్ 2.4కి వెళ్లిపోతోంది. ఆ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానళ్లు 1, 6, 11 మూడే, అపార్ట్‌మెంట్‌లో అందరి రౌటర్లూ అక్కడే. సాయంత్రం అందరూ ఇంట్లో ఉంటారు కాబట్టి రద్దీయే కారణం అనిపించింది. కానీ క్లాసు లేని ఆదివారం అదే టైముకి పింగ్ పెడితే ఒక్కసారి కూడా తడబడలేదు. దాంతో క్లాసులో మాత్రమే నేను చేసే పని ఏంటి అని ఆలోచించాను.

రికార్డింగ్! రాని పిల్లల కోసం ప్రతి క్లాసూ రికార్డ్ చేసి, నేరుగా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి వేస్తాను. అది యూఎస్‌బీ 3.0 డిస్క్, పొట్టి వైరు, ల్యాప్‌టాప్‌ని ఆనుకునే ఉంటుంది. యూఎస్‌బీ 3.0లో డేటా పారుతున్నప్పుడు వైరు నుంచి, ప్లగ్గు నుంచి, డిస్క్ నుంచి వెలువడే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో కూడా పడుతుంది. 2012లోనే ఇంటెల్ దీని మీద ఒక పత్రం విడుదల చేసింది. చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై యాంటెనాలు స్క్రీన్ ఫ్రేమ్‌లోనో మడత దగ్గరో ఉంటాయి, పక్కనే రొద ఉంటే రౌటర్ మాట వాటికి వినపడదు. గీతలు నిండుగా ఉన్నా నెట్ నడవకపోవడానికి కారణం ఇదే.

నమ్మే ముందు పరీక్షించాను. రౌటర్ పింగ్ నడుస్తుండగా డిస్క్‌లోకి పెద్ద వీడియో కాపీ చేస్తే వెంటనే వందలు, టైమ్డ్ అవుట్‌లు. కాపీ ఆపితే మళ్లీ 3, 4. డిస్క్‌ని పాత యూఎస్‌బీ 2.0 పోర్టుకి మార్చి కాపీ చేస్తే కాపీ నెమ్మదించింది కానీ పింగ్ కదల్లేదు. హాల్లోకి వెళ్లి 5 గిగాహెర్ట్జ్ మీద, డిస్క్ మళ్లీ యూఎస్‌బీ 3.0లోనే పెట్టి చేసినా కదల్లేదు. అప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

ఇప్పుడు రెండు బ్యాండ్లకీ వేరు వేరు పేర్లు పెట్టి ల్యాప్‌టాప్‌ని 5కే కలిపాను, 2.4 పేరుని అందులోంచి తీసేశాను. టెక్నీషియన్ చేత ఫైబర్ వైరు పొడిగించి రౌటర్‌ని గది తలుపుకి ఎదురుగా ఎత్తులో పెట్టించాను (ఆ వైరుని మనమే లాగకండి, ఎక్కువ వంగితే సిగ్నల్ పడిపోతుంది, లోపల విరిగినా పైకి కనిపించదు). రికార్డింగ్ ఇప్పుడు ల్యాప్‌టాప్‌లోనే చేసి, క్లాసయ్యాక డిస్క్‌లోకి మారుస్తున్నాను. క్లాసులు ఆగకుండా నడుస్తున్నాయి, ల్యాప్‌టాప్ పాతదే.

మీ ఇంట్లో కూడా ఫోన్‌లో బాగుండి ల్యాప్‌టాప్‌లో మాత్రమే పోతుంటే, దానికి తగిలించిన హార్డ్ డిస్క్, యూఎస్‌బీ హబ్ లాంటివన్నీ ఒకసారి పీకేసి పింగ్ చూడండి. పైసా ఖర్చు లేని పరీక్ష. ఎప్పుడు తెగిందో సరిగ్గా తెలియాలంటే విండోస్‌లో వైఫై రిపోర్ట్ కూడా తీయొచ్చు, అందులో గత మూడు రోజుల్లో ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, ఎందుకు అన్నది టైముతో సహా ఉంటుంది. ఇక మాకు మిగిలింది కరెంటు పోయినప్పుడు రౌటర్ ఆగిపోవడం, ఆ ప్లగ్గుని ఇన్వర్టర్ లైన్‌కి మార్చమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పాను.