చేతికి తగిలిన బంతి

"చేతికి తగిలిందన్నా, గోల్ వద్దు" అంటూ ఆ పిల్లవాడు ఎర్రమట్టి అంటిన మోచేతిని చూపించేసరికి, ఈ సాయంత్రం తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ మైదానంలో ఫుట్‌బాల్ ఆడుతూ కేకలు వేస్తున్న రెండు జట్లూ ఒక్కసారిగా ఆగిపోయాయి.

నాకు వెంటనే 2009 నవంబరు 18 గుర్తుకు వచ్చింది. ఐర్లాండ్‌తో ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌ అదనపు సమయంలో, ఫ్రాన్స్ ఆటగాడు థియరీ ఆన్రీ బంతిని రెండుసార్లు చేతితో ఆపి సహచరుడు గలాస్‌కు అందించగా, అతడు గోల్ చేశాడు. రెఫరీ గమనించలేదు. మ్యాచ్ మళ్లీ ఆడించమని ఐర్లాండ్ ఎంత కోరినా ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఒప్పుకోలేదు.

1986 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్‌పై అర్జెంటీనా ఆటగాడు మారడోనా చేతితో కొట్టిన గోల్‌ను మనం ముద్దుగానే తలుచుకుంటాం. అదే మ్యాచ్‌లో అతడి అద్భుతమైన రెండో గోల్ దానికి అండగా నిలిచింది. ఐర్లాండ్‌కు మాత్రం ఆ ఊరట కూడా దక్కలేదు. మళ్లీ ఆడటమే న్యాయమని ఆన్రీ రెండు రోజుల తరువాత అన్నాడు, కానీ ఆ మాట వినవలసిన రెఫరీ మ్యాచ్ జరిగిన రాత్రే అతడితో పాటు మైదానంలో ఉన్నాడు.